బీటెక్ చదివిన భార్యకు భరణం రాదా? పదిహేను లక్షలు తీసుకుని సంతకం పెట్టవచ్చా?

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇది. మీకు 34 ఏళ్లు, పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఏడేళ్ల పాప ఉంది. భర్త విదేశీ ఓడల్లో సెకండ్ ఇంజనీరు. ఏడాదిగా మీరూ పాపా గాజువాకలో మీ పుట్టింట్లో ఉంటున్నారు. పరస్పర అంగీకారంతో విడాకులకు ఒప్పుకుంటే మీకూ పాపకూ కలిపి ఒకేసారి పదిహేను లక్షలు ఇస్తానని ఆయన లాయరు నోటీసు పంపించారు. ఒప్పుకోకపోతే కోర్టులో పైసా రాదని, బీటెక్ చదివి, పాప పుట్టేదాకా ఉద్యోగం చేసినవారికి భరణం ఇవ్వరని, ఇప్పుడు ఉద్యోగంలో చేరితే అసలే రాదని మీ మరిది ఫోను చేసి చెప్పారు. ఇందులో నిజమెంత, ఎంత వస్తుంది, సంతకం పెట్టవచ్చా అని అడిగారు.

నేను విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో చాలా ఏళ్లుగా ఈ కేసులే చూస్తున్న న్యాయవాదిని. భార్యల తరఫునా, భర్తల తరఫునా వాదించాను. ముందు సూటిగా జవాబు చెబుతాను, కారణాలు తర్వాత.

చదువు ఉన్నంత మాత్రాన భరణం పోదు. ఉద్యోగంలో చేరితే తగ్గవచ్చు, అంతేగానీ దానంతట అదే పోదు. పాప హక్కు మీ సంతకంతో పోయేది కాదు. ఆయన అసలు ఆదాయం కాగితాల మీద చూడకుండా ఆ పదిహేను లక్షలకు సంతకం పెట్టవద్దు.

మీ మరిది చెప్పిన మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే చదువుకున్న ఆడపిల్లల్లో చాలామంది ఇదే మాట విని భయపడి వస్తారు. చట్టం అడిగేది మీరు ఏం చదివారని కాదు, ఇప్పుడు మీకు సొంతంగా బతకడానికి సరిపడే ఆదాయం ఉందా అని. సంపాదించగల శక్తి వేరు, నిజంగా సంపాదిస్తూ ఉండటం వేరు అని సుప్రీంకోర్టు 2017లో శైలజ, ఖొబ్బన్నల కేసులో స్పష్టంగా చెప్పింది. 2020 నవంబరులో వచ్చిన రజనీష్, నేహల తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసింది. పిల్లల పెంపకం కోసం, ఇంటి కోసం భార్య ఉద్యోగం వదులుకుని ఉంటే, అన్నేళ్ల విరామం తర్వాత మళ్లీ అదే స్థాయిలో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో కోర్టు లెక్కలోకి తీసుకోవాలంది. మీరు ఉద్యోగం మానింది పాప పుట్టినప్పుడు అని రాశారు. రాజీనామా లేఖ, దానికి కంపెనీ ఇచ్చిన జవాబు మీ పాత మెయిల్‌లో ఉంటే వెతికి ముద్రించుకోండి. ఆ ఒక్క కాగితం మీ మరిది వాదన మొత్తానికి సమాధానం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చదువు, అనుభవం ఉండి, కేవలం భరణం కోసం కావాలనే ఖాళీగా కూర్చున్నారని కోర్టుకు అనిపిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, మాస్టర్స్ డిగ్రీ ఉన్న భార్యకు మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చే భరణం, నిరాకరించారు. ఉద్యోగంలో చేరితే భరణానికి ఇబ్బంది అని తల్లి ఆమెకు సలహా ఇచ్చినట్లు చూపిన ఫోను సందేశాలు ఆ కేసులో ఆమెకు వ్యతిరేకంగా పనిచేశాయి. అందుకని మీకు నా సలహా ఏమిటంటే, ఉద్యోగం దొరికితే చేరండి. దొరక్కపోతే ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టారో, ఎవరు ఏం జవాబు ఇచ్చారో దాచి ఉంచండి. చేరాక ఆ సంగతి కోర్టుకు దాచకండి. నెలకు పాతిక వేలు వచ్చే ఉద్యోగంలో చేరిన భార్యకు, నెలకు లక్షల్లో సంపాదించే భర్త నుంచి భరణం రాకుండా పోదు. ఆమె తన సంపాదనతో కాపురంలో ఉన్నప్పటి స్థాయిలో బతకగలదా అన్నదే ప్రశ్న. జీతం దాచి, అవతలి లాయరు బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి బయటపెడితే మాత్రం, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

ఇక ఎంత వస్తుంది? ఇది అందరూ అడిగే ప్రశ్న, నేరుగా ఒక అంకె చెప్పలేని ప్రశ్న. హిందూ వివాహ చట్టంలో గానీ, మరే చట్టంలో గానీ ఇంత శాతం అని రాసి లేదు. నాలుగో వంతు వస్తుందని బయట అందరూ అంటారు. ఆ మాట 2017లో కళ్యాణ్ డే చౌదరి కేసులో సుప్రీంకోర్టు అన్నదే. భర్త నికర జీతంలో 25 శాతం సమంజసంగా ఉంటుందని ఆ తీర్పులో ఉంది. కానీ అదే తీర్పులో, భర్తకు రెండో పెళ్లి అయి బిడ్డ ఉన్నాడని చెప్పి, హైకోర్టు ఇచ్చిన 23,000 రూపాయలను 20,000కు తగ్గించారు. అంటే అది ఒక కొలమానమే, గీత కాదు. 2024 డిసెంబరులో పర్వీన్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చూడవలసిన అంశాలను మళ్లీ ఒకచోట చేర్చి చెప్పింది: ఇద్దరి ఆర్థిక, సామాజిక స్థితి, భార్యాపిల్లల సహేతుకమైన అవసరాలు, ఇద్దరి చదువు, ఉద్యోగం, సొంత ఆస్తులు, కాపురంలో గడిపిన జీవన స్థాయి, కుటుంబం కోసం వదులుకున్న ఉద్యోగం, భర్త సంపాదన, అతని మీద ఆధారపడినవారు, అతని అప్పులు. అదే నెలలో వచ్చిన మరో తీర్పులో, భర్త విడిపోయాక బాగా సంపాదించినంత మాత్రాన ఆస్తిని చెరిసగం పంచమని అడగడం భరణం ఉద్దేశం కాదని కూడా చెప్పింది. రెండు మాటలూ గుర్తుంచుకోండి.

మీ విషయంలో అసలు పోరాటం శాతం గురించి కాదు, దేని మీద శాతం అన్నదాని గురించి. విశాఖలో ఓడల ఉద్యోగుల కేసులు మాకు తరచుగా వస్తాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఓడ ఉద్యోగికి ఏడాది పొడవునా జీతం రాదు. నాలుగు నెలలో, ఆరు నెలలో కాంట్రాక్టు. తర్వాత ఇంటికి వచ్చి, మళ్లీ ఓడ ఎక్కేదాకా చాలామందికి జీతం ఉండదు. కేసు వాయిదా సరిగ్గా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు పడితే, ‘నా క్లయింటుకు ప్రస్తుతం ఆదాయం లేదు’ అని కౌంటరు, అంటే రాతపూర్వక జవాబు, వేస్తారు. ఆ మాట ఆ రోజుకు నిజమే. కానీ ఏడాదిలో ఓడ మీద వచ్చినదంతా కూడి పన్నెండుతో భాగిస్తే వచ్చేది ఆయన నెలసరి ఆదాయం. దాన్ని లెక్కగట్టి కోర్టు ముందు పెట్టవలసింది మన పక్షమే.

రెండోది ఇంకా ముఖ్యం. ఆయన ఆదాయపు పన్ను రిటర్నులు తెచ్చి చూపిస్తారు, అందులో ఆదాయం దాదాపు సున్నా ఉంటుంది. చూసినవాళ్లు హడలిపోతారు. అందులో మోసం ఉండనక్కరలేదు. విదేశీ ఓడ మీద పనిచేస్తూ, పన్ను చట్టం లెక్క ప్రకారం ప్రవాసిగా పరిగణన పొందిన నావికుడి జీతం, ప్రవాసులు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో పడితే ఇక్కడ పన్ను ఉండదు. పన్ను లేదు కాబట్టి రిటర్నులో కనబడదు. కనబడనంత మాత్రాన సంపాదన లేనట్టు కాదు. అందుకే ఓడ ఉద్యోగి కేసులో నేను రిటర్నులతో ఆగను. ఎన్‌ఆర్‌ఈ ఖాతా స్టేట్‌మెంటు మూడేళ్లది, కంపెనీతో చేసుకున్న ఉద్యోగ ఒప్పందం, నావికుడి సర్వీసు నమోదు చేసే సీడీసీ పుస్తకంలో ఓడ ఎక్కిన, దిగిన తేదీల పేజీలు, జీతంలోంచి ఇంటికి పంపిన మొత్తాల (అలాట్‌మెంటు) వివరాలు దాఖలు చేయమని అర్జీ వేస్తాను. ఇవ్వకపోతే బ్యాంకు నుంచి తెప్పించమని కోర్టును కోరతాను. మీ కాపురం సాగినన్నాళ్లూ ఆయన మీ ఖాతాకు నెలనెలా డబ్బు పంపి ఉంటే మీ సొంత పాస్‌బుక్కే మొదటి సాక్ష్యం. బ్యాంకుకు వెళ్లి పెళ్లయినప్పటి నుంచి స్టేట్‌మెంటు తీసుకోండి.

ఒక ఓడ అధికారి భార్య కేసులో ఇలాగే జరిగింది. రిటర్నుల్లో సున్నా, కౌంటరులో ‘నిరుద్యోగి’. ఎన్‌ఆర్‌ఈ స్టేట్‌మెంటు వచ్చాక చూస్తే, జీతం పడ్డ వారంలోపే పెద్ద మొత్తాలు తమ్ముడి ఖాతాకు వెళ్తున్నాయి, అక్కడి నుంచి మధురవాడలో ఫ్లాటు వాయిదాలు కట్టారు. ఆ స్టేట్‌మెంటు పసుపు గీతలతో కోర్టు ముందు పెట్టిన వాయిదా తర్వాత, అంతవరకు ఒక్క రూపాయి పెంచనన్నవారు రాజీకి కబురు పెట్టారు.

రజనీష్, నేహల తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయ వ్యయాల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. దీనికి కోర్టు నిర్ణయించిన నమూనా ఉంది. ఇది ఆయన ఒక్కరికే కాదు, మీకూ వర్తిస్తుంది. మీ పేరిట ఉన్న బంగారం, డిపాజిట్లు, పసుపు కుంకుమ కింద మీ నాన్నగారు ఇచ్చిన స్థలం ఉంటే అదీ రాయాలి. అబద్ధం రాస్తే వారిపై చర్య తీసుకోమని అడిగే హక్కు అవతలి పక్షానికి ఉంటుంది.

ఆ అఫిడవిట్‌లో ఖర్చుల పట్టిక ఉంటుంది. దాన్ని చాలామంది నిర్లక్ష్యంగా నింపుతారు. ఒకామె ‘ఇంటి ఖర్చు 20,000’ అని ఒక్క గీతలో రాసుకొచ్చింది. ఆమెను కూర్చోబెట్టి నెల మొదటి తారీకు నుంచి అడుగుతూ రాశాను. అద్దె లేదు, తల్లిదండ్రుల ఇల్లే, కానీ కరెంటు బిల్లు సగం తనే కడుతోంది. పాలు, గ్యాసు, వాటర్ టిన్నులు. పిల్లాడి స్కూలు ఆటో. జూన్‌లో పుస్తకాలు, యూనిఫారం, బూట్లు. ఏడాదికి మూడు విడతల ఫీజు. వానాకాలం వస్తే ఆయాసం, నెబ్యులైజరు మందులు. తన కళ్లద్దాలు. ఫోను రీచార్జి. కోర్టుకు వచ్చిపోయే బస్సు ఖర్చు. ఏడాది ఖర్చులను పన్నెండుతో భాగించి కలిపితే, ఆమె రాసుకొచ్చిన అంకెకు ఎక్కడో పైన తేలింది. ఫీజు రశీదులు, మందుల బిల్లులు ఒక్కో వరుసకూ జతచేశాం. న్యాయమూర్తి ఆ పట్టికనే ముందు పెట్టుకుని అవతలి లాయరును ఒక్కొక్కటీ అడిగారు, ‘ఇందులో ఏది అనవసరం చెప్పండి’ అని. మీరూ ఈ వారాంతం పాప నోటుపుస్తకం ఒకటి తీసుకుని ఇదే పని చేయండి. భరణం అడిగే అంకె అందులోంచి రావాలి, ఎవరో చెప్పిన శాతంలోంచి కాదు.

ఆ పట్టిక చేతికి వచ్చాక పదిహేను లక్షల సంగతి చూడండి. ఉదాహరణకు మీకూ పాపకూ కలిపి నెలకు 30,000 అవసరమని తేలిందనుకుందాం. పదిహేను లక్షలు యాభై నెలలకు అయిపోతాయి, అంటే నాలుగేళ్ల పైచిలుకు. అప్పటికి పాపకు పదకొండేళ్లు. అసలు ముట్టుకోకుండా బ్యాంకులో వేసి వడ్డీతో బతుకుదామంటే, ఏడు శాతం వడ్డీ వస్తుందనుకున్నా నెలకు 8,750 రూపాయలు. ఇంటర్, ఇంజనీరింగ్, పెళ్లి అన్నీ ఇంకా ముందున్నాయి. ఆయన ఉద్యోగాన్ని బట్టి చూస్తే ఇది ఎంత తక్కువ ప్రతిపాదనో నేను వేరే చెప్పనక్కరలేదు.

అలాగని ఒకేసారి తీసుకోవడం తప్పని నేననను. ఓడ ఉద్యోగి విషయంలో నా మొగ్గు చాలాసార్లు అటే ఉంటుంది. నెలనెలా ఇవ్వవలసినవాడు సముద్రం మీద ఉంటే వసూలు చేయడం ప్రాణాంతకం. రేపు వేరే దేశంలో స్థిరపడితే ఇంకా కష్టం. ఒకేసారి తీసుకుంటే ఆ బెడద లేదు, సాధారణంగా పన్ను ఇబ్బందీ తక్కువ, మీరు రేపు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది మీదే. నెలవారీ భరణమైతే పునర్వివాహం చేసుకున్నప్పుడు రద్దు చేయమని ఆయన కోర్టుకు వెళ్లవచ్చు. నెలవారీకి ఉన్న బలం వేరు. పరిస్థితులు మారితే పెంచమనీ తగ్గించమనీ ఇద్దరూ అడగవచ్చు. ధరలు పెరిగితే మళ్లీ కోర్టుకు తిరగకుండా, తీర్పులోనే పెంపు రాయించుకోవచ్చు. 2025 మే నెలలో రాఖీ సాధుఖాన్ కేసులో సుప్రీంకోర్టు నెలకు 50,000 ఇవ్వాలని, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంచాలని ఆదేశించింది.

నా అనుభవంలో మీలాంటివారికి బాగా కుదిరే పద్ధతి రెండూ కలిపినది. మీ భరణం ఒకేసారి, పాపది విడిగా. పాప పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్, దాని వడ్డీ మీ చేతికి. స్కూలు ఫీజు నేరుగా ఆయనే కట్టేలా ఒక షరతు. ఆయన పేరిట ఫ్లాటు గానీ స్థలం గానీ ఉంటే దాని మీద హక్కుభారం పెట్టించవచ్చు, హిందూ వివాహ చట్టం 25వ సెక్షనులోనే ఆ వీలుంది. భారం నమోదైతే మీ డబ్బు తేలకుండా దాన్ని శుభ్రంగా అమ్ముకోవడం ఆయనకు కుదరదు.

పాప సంగతి వేరే పేరాగా రాయించండి. నోటీసులో ‘భార్యకూ బిడ్డకూ కలిపి, ఇకముందు ఏ హక్కూ లేకుండా’ అని ఉందని మీరు రాశారు. ఈ వాక్యం నేను ఎన్నో నోటీసుల్లో చూశాను. మీ హక్కు మీరు వదులుకోవచ్చు. బిడ్డ హక్కును తల్లి వదిలేస్తే అది చెల్లదు. హిందువుల్లో పెళ్లికాని కూతురి పోషణ బాధ్యత తండ్రి మీద ఉంటుంది. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె ఇలాగే కలిపి తీసుకుని సంతకం పెట్టింది. ఆ డబ్బు అన్న అప్పులకు, ఇంటి మరమ్మతుకు పోయింది. రెండేళ్ల తర్వాత స్కూలు ఫీజు కట్టలేక వచ్చింది. బిడ్డ తరఫున విడిగా భరణం కేసు వేశాం. ‘అంతా ముట్టింది, తల్లి సంతకం ఉంది’ అన్న తండ్రి వాదన నిలవలేదు, బిడ్డకు నెలవారీ వచ్చింది. కానీ ఆ రెండేళ్లు ఆ పిల్ల చదువు దెబ్బతిన్నది. మొదటే విడిగా రాయించి ఉంటే ఆ అవసరం ఉండేది కాదు.

పరస్పర అంగీకారానికే వెళ్లాలనుకుంటే దాని పద్ధతి తెలుసుకోండి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. ఏడాదిగా విడిగా ఉంటున్నారు కాబట్టి ఆ షరతు మీకు సరిపోతుంది. మొదటి విచారణకూ రెండో విచారణకూ మధ్య ఆరు నెలలు ఆగాలి. 2017 నుంచి తగిన సందర్భాల్లో కోర్టు ఈ ఆరు నెలలనూ మాఫీ చేయగలదు. రెండో విచారణ పూర్తయి డిక్రీ వచ్చేలోపు మీ మనసు మారితే ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు, ఆయనా తీసుకోవచ్చు. అందుకని డబ్బును విడతలుగా పెట్టించండి. మొదటి విచారణ నాడు కొంత, రెండో విచారణ నాడు మిగతాది మొత్తం, డిమాండ్ డ్రాఫ్టుగా, కోర్టులో, న్యాయమూర్తి ఎదుట. డీడీ నంబరు డిక్రీలో రాయించండి. ‘డిక్రీ వచ్చాక మూడు నెలల్లో ఇస్తాను’ అన్న షరతుకు ఒప్పుకున్నవారు తర్వాత డిక్రీ అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసుకుని తిరగడం నేను చాలాసార్లు చూశాను.

పెద్దమనుషుల మధ్య స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు కూడా మన వైపు ఇంకా ఉన్నాయి. కులాచారంగా చట్టం గుర్తించిన సందర్భాలు తప్ప, అది విడాకులు కాదు. దాని మీద తీసుకున్న డబ్బుకు రక్షణా లేదు.

మరి ఇప్పుడు ఏం చేయాలి? ఇది ఆలస్యం చేయకూడని విషయం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బేరం సాగుతున్నా సరే, భరణం దరఖాస్తు వెంటనే వేయండి. రజనీష్, నేహల తీర్పు ప్రకారం భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క. పుట్టింట్లో ఉన్న ఈ ఏడాది ఖర్చంతా మీ నాన్నగారి పింఛనులోంచి పోయింది, అది ఇక రాదు. రాజీ మాటలంటూ ఇంకో ఏడాది గడిస్తే అదీ రాదు. రాజీ కుదిరితే కేసు ఉపసంహరించుకోవడం ఒక్క వాయిదా పని.

ఏ చట్టం కింద వేయాలి? ఆయన ఇంకా విడాకుల కేసు వేయలేదు, నోటీసే పంపారు. కాబట్టి ఇప్పుడు మీకు అనువైనది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను. 2024 జూలై 1కి ముందు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షను పేరుతో అందరూ 125 కేసు అని పిలిచినదే ఇది. మీరు ఉంటున్న చోటే వేయవచ్చు, అంటే విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే. మీ పేరిట, పాప పేరిట కలిపి వేయాలి, మధ్యంతర భరణం కూడా అడగాలి. రేపు ఆయన విడాకుల కేసు వేస్తే అందులో హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద మధ్యంతర భరణం, కేసు ఖర్చులు అడగవచ్చు. ఆయనకు కోర్టు నోటీసు అందిన నాటి నుంచి అరవై రోజుల్లో మధ్యంతర దరఖాస్తు తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ముఖ్యంగా ప్రతివాది ఓడ మీద ఉంటే. ఇంట్లో హింస జరిగి ఉంటే 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో నివాస హక్కు, ఆర్థిక సాయం అడగవచ్చు. మీరు అలాంటిదేమీ రాయలేదు. లేనిది కల్పించి పెట్టమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. అబద్ధపు ఆరోపణ ఒకటి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతే నిజమైన భరణం కేసు కూడా బలహీనపడుతుంది. రెండు మూడు చట్టాల కింద వేసినా డబ్బు రెండు మూడు రెట్లు రాదు. ఒకచోట ఇచ్చినదాన్ని ఇంకోచోట సర్దుబాటు చేస్తారు, ముందు ఉన్న ఆదేశాన్ని మీరే కోర్టుకు చెప్పాలి.

శాశ్వత భరణం వచ్చేది 25వ సెక్షను కింద, విడాకుల డిక్రీతో పాటు గానీ ఆ తర్వాత గానీ. ఆయన వేసిన విడాకుల కేసు కొట్టివేస్తే ఆ సెక్షను కింద శాశ్వత భరణం రాదు, 1993లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చింది. అప్పుడు 144 కిందో, 1956 నాటి దత్తత, పోషణ చట్టం కిందో వెళ్లాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాళ్ల వాళ్ల చట్టాలు ఉన్నా, 144 సెక్షను అందరిదీ. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఈ దారిలో రావచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది.

వసూలు గురించి. 144 కింద ఇచ్చిన ఆదేశం పాటించకపోతే వారెంటు, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదు. అయితే బకాయి పడిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవాలి. ‘ఇస్తాడులే’ అని రెండేళ్లు ఊరుకుంటే పాత నెలలకు వారెంటు దారి మూసుకుపోతుంది. ఉక్కు కర్మాగారం, పోర్టు, డాక్‌యార్డు లాంటి చోట్ల ఉద్యోగి అయితే జీతం జప్తు తేలిక. భరణం డిక్రీకి జీతంలో మూడింట రెండు వంతుల వరకు జప్తు చేసే వీలుంది. నేవీలో ఉన్నవారి భార్యలకైతే, నేవీ చట్టంలోనే జీతం నుంచి పోషణ కింద కోత విధించే ఏర్పాటు ఉంది. మీవారిది ప్రైవేటు విదేశీ కంపెనీ కాబట్టి ఇవేవీ సులువు కాదు. అందుకే ఎన్‌ఆర్‌ఈ ఖాతా, ఇక్కడి స్థిరాస్తి వివరాలు ముందే సంపాదించమని ఇంతగా చెబుతున్నాను.

మీ బంగారం, పెళ్లిలో మీకు ఇచ్చిన సామాను, స్థలం ఆయన ఇచ్చే భరణంలో భాగం కావు. అది స్త్రీధనం, విడిగా తిరిగి అడగాలి. ‘పదిహేను లక్షల్లో నీ బంగారం కూడా కలిసి ఉంది’ అంటే ఒప్పుకోకండి. పెళ్లి ఫొటోలు, నగల దుకాణం బిల్లులు తీసి ఉంచండి.

ఇది చదివే భర్తలకు కూడా రెండు మాటలు, ఎందుకంటే వారి బాధ కూడా నేను చూశాను. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసే ఒకతను, మంచంలో ఉన్న తల్లి, తన జీతంలో సగానికి పైగా భరణం అడిగిన పిటిషన్. భయపడి పని మానేద్దామనుకున్నాడు. మానేస్తే ఇంకా నష్టం. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. మేం అతని హాజరు కార్డులు, తల్లి ఆసుపత్రి కాగితాలు పెట్టి, ఆ రోజు నుంచే చేతనైనంత భార్య ఖాతాకు పంపించాం. కోర్టు అడిగినదానికంటే బాగా తగ్గించే ఇచ్చింది. ఎప్పుడూ నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే పంపండి. కారు వాయిదా, చిట్టీ, చెల్లెలి పెళ్లి అప్పు చూపి ఆదాయం లేదనడం పనిచేయదు. తప్పనిసరి కోతలు తప్ప, మనం ఇష్టపడి తెచ్చుకున్న వాయిదాలను కోర్టు భార్యాపిల్లల కంటే ముందు నిలబెట్టదు. 24, 25 సెక్షన్ల కింద, నిజంగా ఆదాయం లేని భర్త కూడా సంపాదించే భార్య నుంచి అడగవచ్చు. అలాంటివి తక్కువే అయినా చట్టంలో ఆ వీలుంది.

మళ్లీ మీ సంగతికి. ఆ నోటీసుకు మౌనంగా ఉండకండి, ఒక లాయరు ద్వారా జవాబు పంపండి. జవాబులో అంకె ఏదీ చెప్పవద్దు. ఆదాయ వివరాలు, ఖాతా స్టేట్‌మెంట్లు ఇస్తే రాజీ ప్రతిపాదన పరిశీలిస్తామని, పాప పోషణ విడిగా మాట్లాడాలని మాత్రమే రాయించండి. మీ మరిదితో ఫోనులో బేరాలు ఆడకండి. వారు పంపే సందేశాలు తీసేయకండి. లాయరు ఫీజు గురించి ఆలోచిస్తున్నారని రాశారు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి ఒక అర్జీ రాసిస్తే న్యాయవాదిని కేటాయిస్తారు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. వెళ్లేటప్పుడు పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటో, మీ ఆధార్, పాప జనన ధ్రువపత్రం, వచ్చిన నోటీసు, మీ బ్యాంకు స్టేట్‌మెంటు, నేను చెప్పిన ఖర్చుల పట్టిక, ఆయన సీడీసీ గానీ పాత కాంట్రాక్టు గానీ ఫొటో మీ ఫోనులో ఉంటే దాని ముద్రణ తీసుకెళ్లండి. ఆయన మళ్లీ ఓడ ఎక్కకముందే కోర్టు నోటీసు అందితే మీ కేసుకు కొన్ని నెలలు కలిసి వస్తాయి. ఎప్పుడు ఎక్కుతున్నారో తెలిస్తే ఆ తేదీ మీ లాయరుకు ముందుగా చెప్పండి.